రంది అని అడిగితే

2022 జూన్‌లో బడులు తెరిచేనాటికి నేను గద్వాల జిల్లా ధరూర్ మండలంలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. అంతకుముందు గోపాల్‌పేటలో అదే హోదాలో, ఇంకా ముందు మన్ననూర్‌లో సాంఘికశాస్త్రం ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. మా ఇల్లు వనపర్తిలో. వారమంతా గద్వాలలో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం సాయంత్రం బస్సు దిగేసరికి మావారు స్కూటర్‌తో బస్టాండులో నిలబడి ఉండేవారు. నేను పనిచేసిన ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పబోయే మనుషులు ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నారు.

హెచ్చెమ్ పని అంటే బడి నడపడం అని బయటివాళ్లు అనుకుంటారు. అందులో సగం, కింది కాగితాలను పైకి పంపడం, పైనుంచి వచ్చినవాటిని కిందికి దింపడం. ఆ ఏడాది పైనుంచి వచ్చిన ఆదేశాల్లో ఒకటి పిల్లల మానసిక క్షేమం గురించి. కరోనా వల్ల పిల్లలు చాలాకాలం బడికి దూరమయ్యారు. కొందరి ఇళ్లలో పెద్దవాళ్లు పోయారు. కొందరు పత్తి చేన్లలో పనికి అలవాటుపడి బెంచీ మీద కూర్చోవడం మరిచిపోయారు. ప్రతి బడి నుంచి ఒక టీచర్ శిక్షణకు వెళ్లి రావాలి. వారానికి ఒక పీరియడ్ పాఠం చెప్పకుండా పిల్లలతో మాట్లాడాలి. ప్రమాదం ఉంటే తప్ప, పిల్లలు చెప్పింది గది దాటి రాకూడదు.

ఎవరిని పంపాలని స్టాఫ్ మీటింగులో అడిగితే అందరూ కిటికీల వైపు చూశారు. బడుల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పని ఏదొచ్చినా అది కొత్తగా చేరినవాళ్ల పని. అలా ఇంగ్లిష్ టీచర్ శ్రావణి వెళ్లింది. శ్రద్ధగా నేర్చుకుని వచ్చింది కూడా. శనివారం చివరి పీరియడ్ ఆమెకు ఇచ్చాను.

మొదటి శనివారం నేను వరండాలో నిలబడి విన్నాను. తొమ్మిదో తరగతిలో ఆమె శిక్షణలో నేర్చుకున్న ప్రశ్ననే అడిగింది. "మీలో ఎవరికైనా ఆందోళన ఉందా?"

తరగతి కాసేపు ఆలోచించింది.

"లేదు మేడం," అన్నాడు ముందు బెంచీలో ఒక పిల్లవాడు. "మొన్న మన సార్లు చేసిన్రు గద, గద్వాలల, ఆఫీసు ముందల."

"మా నాయిన వోయిండు మేడం ఒకపారి," అని వెనక నుంచి ఇంకొకడు. "కరెంటోళ్ల మీద. డీసీఎం బండిల తోల్కపోయిన్రు."

"బువ్వ పెట్టిన్రారా?" అని పక్కవాడు అడిగాడు.

"పులిహోర."

శ్రావణి నవ్వాపుకోలేకపోయింది. తప్పు పిల్లలది కాదు. మా ప్రాంతంలో ఆందోళన అంటే టెంటు, జెండా, మైకు. అది మనుషులు రోడ్డు మీద చేసేది. గుండెలో ఉండేది కాదు. ఆ తర్వాత కాంప్లెక్స్ సమావేశంలో, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులందరం కూర్చునే సమావేశంలో, ఇదే ప్రశ్న మమ్మల్నీ అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. భోజనాల దగ్గర ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ఆందోళనల ఉన్న అని నేనే ఒప్పుకుంటె ఇగ నాకు మెమో ఇచ్చెటోనికి పని తక్కువైతది గద మేడం."

మరి ఏ మాట వాడాలన్నది మా స్టాఫ్ రూములో చర్చకు వచ్చింది. తెలుగు సారు వ్యాకులత అన్నారు. అది అడిగితే పిల్లలు అంటురోగం అనుకుంటారని మిగతావాళ్లు కొట్టిపారేశారు. పీఈటీ సారు టెన్షన్ అన్నారు. టెన్షన్ మా పిల్లలకు పరీక్షప్పుడే ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ పరీక్షకే. అప్పుడు నాకు మా అత్తగారి మాట గుర్తొచ్చింది. ఆమె ఎవరైనా చిక్కిపోయి కనిపిస్తే జ్వరమా అని అడిగేది కాదు. "ఏం రంది వెట్టుకున్నవ్ బిడ్డా?" అనేది. రంది అంటే దుఃఖం ఒక్కటే కాదు, భయమూ కాదు. లోపల ఒకటి పెట్టుకుని పైకి చెప్పకపోవడం. రంది పట్టినవాళ్లకు తిన్నది ఒంటికి అంటదని మా వైపు నమ్మకం.

"రంది అని అడగండి," అన్నాను శ్రావణితో.

సత్తార్ సార్ అప్పుడు ఆ గదిలోనే ఉన్నారు. మూలన కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతున్నారు. తల ఎత్తలేదు.

ఆయన గణితం స్కూల్ అసిస్టెంట్, అంటే ఉన్నత తరగతులకు లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు. గద్వాలలో సొంత ఇల్లు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. నేను రాకముందు నుంచే ఆ బడిలో ఉన్నారు. కరోనా రెండో విడతలో ఆయన భార్య పోయారు. నేను ఆ బడిలో చేరిన రోజే, సెలవుల విషయం మాట్లాడుతుంటే, పీఈటీ సారు గొంతు తగ్గించి నాకు ఆ సంగతి చెప్పారు. సత్తార్ సార్ సెలవు పెట్టరు. ఒక టీచర్ రాకపోతే ఆ తరగతికీ తనే వెళ్తారు. ఆఖరి షేర్ ఆటో వెళ్లేదాకా బడిలోనే ఉంటారు. వ్యక్తిగత విషయాల్లోకి ఎక్కడ నుంచి వెళ్లాలో మాలో ఎవరికీ తెలియక, అందరం ఆయనకు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవాళ్లం.

సెప్టెంబర్ మొదట్లో ఆయన నా గదికి వచ్చి ఒక దరఖాస్తు టేబుల్ మీద పెట్టారు. స్వచ్ఛంద పదవీ విరమణ. మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి, సర్వీసు ఉండగానే వెళ్లిపోవడానికి పెట్టుకునేది. హెచ్చెమ్ సంతకంతో జిల్లా విద్యాధికారికి పోవాలి. ఆయనకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. కారణం దగ్గర వ్యక్తిగతం అని రాశారు.

ఇంట్లో కూర్చుని ఏం చేస్తారని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండాల్సింది అనిపించింది.

"ఇక్కడ చేస్తున్నదే మేడం. ఉత్తగ కూసుంట," అన్నారు. తర్వాత చెప్పారు: "లెక్క తప్పు పోతలేదు. గని పిల్లల పేర్లు యాదికొస్తలేవు. ముందల నిలవడితె మొఖం తెలుస్తది, పేరు రాదు. ఇది వాళ్లకు అన్యాయం గద. జర తొందరగ పంపండి."

ఆయన వెళ్తే ఆ ఏడాది మాకు లెక్కల టీచర్ రాడు. సంవత్సరం మధ్యలో ఖాళీ అయిన పోస్టు ఖాళీగానే ఉంటుంది. కానీ నన్ను ఇబ్బంది పెట్టింది అది కాదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆయన నలుగురి మధ్య ఉండే చోటు ఈ బడి ఒక్కటే. ఈ సంతకంతో అది కూడా పోతుంది. నోటీసు లెక్క ఆఫీసులో చేరిన రోజు నుంచే మొదలవుతుంది కాబట్టి, పరీక్షలయ్యాక పంపుతానని చెప్పి ఆయన్ను ఒప్పించాను. ఆయన ఒప్పుకున్నది నా మాట మీద గౌరవంతో కాదు, వాదించే ఓపిక లేక.

ఆ శనివారమే శ్రావణి తొమ్మిదో తరగతిలో ప్రశ్న మార్చి అడిగింది. "ఎవరికన్నా రంది ఉన్నదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదట. కాసేపటికి మౌనిక అనే అమ్మాయి లేచింది.

"మాకేం లేదు మేడం. సత్తార్ సార్‌కున్నది."

ఇక తరగతి ఆగలేదు. సారు తిడ్తలేడు అన్నారు. తాము ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆలస్యంగా వచ్చినవాణ్ని గుమ్మం దగ్గరే ఆపి, "వచ్చిన్రా నవాబ్ సాబ్, పల్లకీ లేటయ్యిందా?" అనేవాడు, ఇప్పుడు ఎంత లేటుగా వచ్చినా కూసో అంటున్నాడు. పేరు పెట్టి పిలవడం లేదు, అందర్నీ నువ్వు అంటున్నాడు. పగటిపూట అన్నం తినడం లేదు, బువ్వ టైముకు బోరింగు దగ్గర నిలబడతాడు. చివరికి మౌనిక అన్నది: "మేమేమన్న తప్పు చేసినమేమో అని భయమైతుంది మేడం. అడిగెటందుకు ధైర్యం లేదు."

సారు భార్య పోయిన సంగతి ఆ తరగతిలో ఎవరికీ తెలియదు. ఆమె పోయినప్పుడు బడి మూసి ఉంది. తెరిచాక ఎవరూ చెప్పలేదు.

శ్రావణి నేరుగా నా గదికి వచ్చింది. "గది దాటి పోవద్దన్నరు మేడం. ఇది ఎవరి రహస్యం? పిల్లలదా, సార్‌దా?" అని అడిగింది. శిక్షణలో దీనికి జవాబు లేదు. నిబంధన పిల్లల మాటను కాపాడటానికి. ఇక్కడ పిల్లలకు ఒక జవాబు రావాలి, దాన్ని ఇవ్వగలిగిన మనిషి ఒక్కడే. ఎవరు అన్నారో చెప్పకుండా, ఏమన్నారో ఆయనతో చెప్పడం నా బాధ్యత అని నిర్ణయించుకున్నాను.

సోమవారం ప్రార్థన తర్వాత సత్తార్ సార్‌తో చెప్పాను. మీరు కోపంగా ఉన్నారని, తప్పు తమదేనని తొమ్మిదో తరగతి అనుకుంటోందని.

"గట్లనుకున్నరా," అన్నారాయన. చాక్‌పీసు తీసుకుని వెళ్లారు.

తరగతిలో ఏం చెప్పారో తర్వాత పిల్లల ద్వారా తెలిసింది. బోర్డు దగ్గర నిలబడి, "కరోనాల మా ఇంటామె చచ్చిపోయింది. మీ మీద నాకు కోపం లేదు," అన్నారట. వెంటనే వెనక్కి తిరిగి బహుపదుల లెక్క వేశారట. పిల్లలు ఆ లెక్కను ఎప్పుడూ లేనంత బుద్ధిగా రాసుకున్నారని, అందులో సగం మంది తప్పు చేశారని కూడా తెలిసింది.

కథ అక్కడితో అయిపోతుందనుకున్నాను. రెండు రోజులకు మౌనిక నానమ్మ నర్సమ్మ బడికి వచ్చింది. మౌనిక తల్లిదండ్రులు పుణెలో భవనాల పనికి వెళ్లారు. పిల్ల ఈమె దగ్గర, పక్క ఊళ్లో ఉండి ఆటోలో వచ్చి చదువుకుంటోంది. నర్సమ్మ నా ఎదుటి కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"లెక్కల సారును నిద్రకు తోల్కపోయెటందుకు వచ్చిన మేడమ్మా."

మా వైపు తెలియనివాళ్ల కోసం చెప్పాలి. ఒక ఇంట్లో చావు జరిగి దినాలు అయిపోయాక, దగ్గరివాళ్లు ఆ ఇంటి మనిషిని తమ ఇంటికి తీసుకెళ్తారు. వండి పెడతారు, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. దాన్ని నిద్ర చేయించడం అంటారు. ఆ తర్వాత ఆ మనిషి మళ్లీ నలుగురి ఇళ్లకు రాకపోకలు మొదలుపెట్టవచ్చు. కరోనాలో చాలా ఇళ్లకు ఇది జరగలేదు. పిలిచేవాళ్లూ భయపడ్డారు, వెళ్లేవాళ్లూ భయపడ్డారు.

సత్తార్ సార్‌ను పిలిపించాను. ఆయన ఇబ్బంది పడుతూ, "మాదాంట్ల అట్ల లేదు అవ్వా," అన్నారు.

"మీదాంట్ల లేకుంటె మాదాంట్ల ఉన్నది. నిద్రపోయెటోనివి నువ్వు, ఇల్లు మాది. మాకున్నది చాలదా?"

"ఏడాది దాటింది గదవ్వా."

"ఏడాదైనా నిద్ర వచ్చిందా మరి?"

ఆయన నా వైపు చూశారు. నేను టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాను.

"కోడిని మీ దూదేకుల మస్తాన్‌తోనే కోయిస్త, పరేషాన్ గాకు," అన్నది నర్సమ్మ. తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. "నువ్వు నౌకరి ఇడిసి పోతున్నవని ఊరంత అంటున్నరు. నువ్వు పోతె మా పిల్లకు లెక్కలెవరు చెప్తరు? దాని నాయినకు లెక్క రాకనే గద మేస్త్రి దగ్గర మోసపోతుండు."

సార్ ముఖంలో నేను ఆ బడికి వచ్చాక మొదటిసారి నవ్వు లాంటిది చూశాను. "అంటె నిద్ర నాకోసం గాదు," అన్నారు.

"ఇద్దరికీ పనికొస్తది," అన్నది ఆమె.

దరఖాస్తు సంగతి ఊళ్లోకి ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. బడి ఆఫీసులో గుట్టు నిలవదు.

ఆయన వెళ్లారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. మౌనిక చెప్పినదాని ప్రకారం పెద్దగా ఏమీ జరగలేదు. సారు తిన్నాడు, అవ్వ మళ్లీ వడ్డించింది, వద్దంటే వినలేదు. వాకిట్లో మంచం వేశారు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి కూర్చుని తమ ఇళ్లలో కరోనాకు పోయినవాళ్ల గురించి ఒక్కొక్కరు చెప్పుకున్నారు. సారు కూడా తన భార్య పేరు షమీమ్ అని, రాయచూరు పిల్ల అని, కోపమొస్తే కన్నడంలో తిట్టేదని చెప్పారట. ఆ తిట్లేమిటని నర్సమ్మ అడిగితే రెండు చెప్పారని, అవ్వ వాటిని ఇప్పుడు మేక మీద వాడుతోందని మౌనిక ఫిర్యాదు చేసింది.

మర్నాడు ఉదయం ప్రార్థన అయిపోయి తరగతులు మొదలైనా ఆ ఊరి ఆటో రాలేదు. నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఆలస్యంగా వచ్చిన ఆటోలోంచి పిల్లలు ఒకరి మీద ఒకరు దిగారు. అందరి తర్వాత సత్తార్ సార్, నిన్నటి చొక్కాలోనే. పిల్లలు నన్ను చూసి ఆగిపోయారు. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"నడువుండ్రి నవాబులు, నడువుండ్రి. పల్లకీ లేటయ్యింది, హెచ్చెమ్ మేడం చూస్తున్నది. ఏయ్ మౌనికా, నీ డబ్బ ఆటోల మరిచినవ్."

పిల్లలు నవ్వుతూ పరుగెత్తారు. మౌనిక మాత్రం ఆటో దగ్గరకు వెనక్కి పరుగెత్తింది. ఆయన నాకు నమస్కారం పెట్టి, ఆలస్యమైనందుకు క్షమించమని అడిగి, తరగతికి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం నా గదికి వచ్చి దరఖాస్తు వెనక్కి అడిగారు. మడిచి జేబులో పెట్టుకుని, దాని స్థానంలో ఇంకో కాగితం పెట్టారు. సెలవు చీటీ. ఒక వారం. భార్య పోయాక ఆమె తల్లిని ఇంతవరకు చూడలేదని, రాయచూరు వెళ్లి వస్తానని చెప్పారు. సాధారణంగా పరీక్షల ముందు లెక్కల టీచర్‌కు వారం సెలవు ఏ హెచ్చెమ్మూ ఇవ్వరు. నేను అక్కడికక్కడే మంజూరు చేసి, ఆ వారం తొమ్మిదో తరగతి లెక్కల పీరియడ్లు శ్రావణికి, పీఈటీ సారుకు పంచాను. పీఈటీ సారు ఆ పీరియడ్లన్నీ కబడ్డీ ఆడించాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

సత్తార్ సార్ తిరిగి వచ్చాక అన్నీ ఒక్కసారిగా బాగైపోలేదు. కొన్ని రోజులు మళ్లీ బోరింగు దగ్గరే నిలబడేవారు. అయితే అలాంటి రోజుల్లో ఎవరో ఒక పిల్ల వెళ్లి, "సార్, బువ్వకు రారా?" అని అడిగేది. ఏమైందని కాదు, బువ్వకు రారా అని. ఆయన వెళ్లేవారు. శ్రావణి శనివారం పీరియడ్‌కు పిల్లలు రంది పీరియడ్ అని పేరు పెట్టుకున్నారు. టైంటేబుల్‌లో అలా రాయడం కుదరలేదు కానీ, మేమందరం అలాగే పిలిచేవాళ్లం. తర్వాత తర్వాత పిల్లలు తమ సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టారు. అవి గది దాటి రాలేదు కాబట్టి నాకు తెలియవు. మౌనిక పదో తరగతి పాసై గద్వాలలో ఇంటర్ చేరింది. లెక్కలే తీసుకుంది.

నేను ఆయనకంటే ముందే రిటైర్ అయి వనపర్తి వచ్చేశాను. ఆయన తన సర్వీసు పూర్తయ్యేదాకా పనిచేశారు. నిరుడు మావారు పోయారు. దినాలయ్యాక బంధువులు వచ్చారు, వెళ్లారు. ఒక రోజు సత్తార్ సార్ ఫోన్ చేశారు.

"మేడం, మా ఇంటికి నిద్రకు ఎప్పుడొస్తరు?" అన్నారు. "కోడలొచ్చింది హైదరాబాదు నుంచి."

మీదాంట్ల అట్ల లేదు గద సార్ అన్నాను.

"మీదాంట్ల ఉన్నది గద. ఇల్లు మాది. ఆటో పంపాల్నా, పల్లకీ పంపాల్నా?"

బస్సులోనే వెళ్లాను. వాళ్ల కోడలు పప్పు, చింతపండు పులుసు లాంటి ఖట్టా చేసింది. ఆ రాత్రి నిద్ర పట్టింది.

హెచ్చెమ్‌గా నేను నేర్చుకున్నది ఇంత. పిల్లల క్షేమం, సిబ్బంది క్షేమం అని ఆఫీసులో రెండు ఫైళ్లు ఉంటాయి. తరగతి గదిలో అవి రెండు కావు. పెద్దవాళ్లకు రంది ఉంటే ముందు పిల్లలకే తెలుస్తుంది. కారణం చెప్పకపోతే తప్పు తమదే అనుకుంటారు. కాబట్టి చెప్పాలి, వాళ్లకు తెలిసిన మాటలో. రెండు వాక్యాలు చాలు. ఆ తర్వాత లెక్క చెప్పుకోవచ్చు.